ట్రాక్టరుకు సీటు ఒక్కటే

(చిన్న ట్రాక్టరు తోలే తమ్ముళ్ళకు, దాని వెనక ఎక్కే అమ్మలకు ఒక పాఠం)



సంక్రాంతి సెలవులు అయిపోయి హాస్టలుకి తిరిగొచ్చిన మొదటి రోజు స్టడీ అవర్‌లో ఒకరి చేతులు ఒకరం చూసుకుంటే చాలు, ఎవరు ఏ పనికి వెళ్ళొచ్చారో తెలిసిపోతుంది. మిరపకాయలు కోసినవాళ్ళ వేళ్ళు అన్నం కలుపుతుంటే మండుతాయి. పత్తి తీసినవాళ్ళ వేళ్ళ చివర్లు గీరుకుపోయి ఉంటాయి. గోళ్ళ సందుల్లో గ్రీజు నిలిచిపోయినవాళ్ళు ట్రాక్టరు మీద తిరిగి వచ్చారన్నమాట. ఈ మూడో రకంవాళ్ళు మన హాస్టల్లో ఏటికేడు పెరుగుతున్నారు. అందుకే ఈసారి వార్షికోత్సవ సంచికలో కథ, కవిత కాకుండా ఒక పాఠం రాద్దామనుకున్నాం.

ఇది రాస్తున్న మేము నలుగురం. ఇద్దరం పాత విద్యార్థులం. మాలో ఒకరు సొంత ఊళ్ళో చిన్న ట్రాక్టరు కిరాయికి తోలుతున్నారు, ఇంకొకరు మెకానిక్ షెడ్డులో పనిచేస్తున్నారు. మిగిలిన ఇద్దరం ఇప్పుడు పదో తరగతి చదువుతున్నాం. మా నలుగురి అమ్మలూ మిరప కోతలకు వెళ్ళేవాళ్ళే.

పాఠం మొదలుపెట్టే ముందు ఒక సంగతి చెప్పాలి. మాలో ఒకరు తొమ్మిదో తరగతి దాటిన వేసవి సెలవుల్లో చిన్నాన్న ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని చేనికి వెళ్తున్నాడు. "ఏం కాదులేరా, గట్టిగా పట్టుకో" అన్నాడు చిన్నాన్న. డొంకలో బండి గాడి ఒకటి అడ్డం వచ్చింది. ట్రాక్టరు ఎగిరి పడింది, వీడు వెనక చక్రం ముందు పడ్డాడు. చిన్నాన్న బ్రేకు తొక్కేసరికి చక్రం చీలమండ మీదికి ఎక్కి ఆగింది. ఇంకో అడుగు ముందుకు పోయి ఉంటే ఈ వ్యాసం ముగ్గురమే రాసేవాళ్ళం. మొదటి ఆపరేషన్ సరిగ్గా అతకలేదు, రెండోది పబ్లిక్ పరీక్షల ముందు పడింది. వాడు పదో తరగతి సప్లిమెంటరీలో రాశాడు. చిన్నాన్న చెడ్డవాడు కాదు, తాగి తోలలేదు, స్పీడుగా కూడా పోలేదు. తప్పు ఒక్కటే. ఒక్క సీటున్న బండి మీద ఇద్దరు ఎక్కారు.

1. చిన్నదే కదా అనుకోవద్దు

మన తాతల కాలంలో పత్తి సాళ్ళ మధ్య, మిరప సాళ్ళ మధ్య అరక తిరిగేది. ఎడ్లను మేపే ఖర్చు పెరిగి, అరక తోలే మనుషులు తగ్గిపోయాక ఆ పని చిన్న ట్రాక్టరుకు వచ్చింది. 15 నుంచి 30 హార్స్‌పవర్ లోపు ఉండేవాటిని మనం మినీ ట్రాక్టర్లు అంటాం. మహీంద్రా యువరాజ్ 15 హార్స్‌పవర్ది, వీఎస్టీ శక్తి పద్దెనిమిదిన్నర, కుబోటా నియోస్టార్ 24. సాలు మధ్య పట్టేటట్టు వీటిని సన్నగా, తేలిగ్గా చేస్తారు. గొర్రు తోలడం, గుంటక తోలడం, మందు కొట్టడం, పత్తి కట్టె ముక్కలు చేయడం, కల్లం నుంచి మిర్చి టిక్కీలు ఇంటికి చేర్చడం అన్నీ దీంతోనే.

చూడటానికి బొమ్మలా ఉంటుంది కాబట్టి పిల్లల చేతికి ఇస్తారు. పెద్ద ట్రాక్టరు తాళం ఇవ్వని నాన్న కూడా "చిన్నదేగా, తిప్పుకురా" అంటాడు. నిజానికి చిన్న ట్రాక్టరులో రెండు ప్రమాదాలు ఎక్కువ. సన్నగా ఉంటుంది కనుక పక్కకి తొందరగా పడుతుంది. తేలిగ్గా ఉంటుంది కనుక వెనకున్న బరువు దాన్ని తోసేస్తుంది. ఈ రెండూ అర్థం కావడానికి కొత్త చదువు అక్కర్లేదు. మన భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్న గరిమనాభి, జడత్వం, చర్య ప్రతిచర్య చాలు.

2. మూడు కాళ్ళ పీట

ట్రాక్టరుకు నాలుగు చక్రాలున్నాయి కదా అని నాలుగు కాళ్ళ మంచంలా నిలబడుతుందనుకుంటాం. ముందు ఇరుసును ఒకసారి వంగి చూడండి. అది మధ్యలో ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. గట్టూ గుంటా వచ్చినప్పుడు ముందు చక్రాలు రెండూ నేలకు ఆనాలని అలా చేశారు. అంటే ట్రాక్టరు బరువును మోసేవి వెనక చక్రాలు రెండు, ముందు ఆ పిన్ను ఒకటి. అది మూడు కాళ్ళ పీట. గరిమనాభి నుంచి కిందికి గీసిన నిలువు గీత ఆ మూడు బిందువుల త్రిభుజంలో ఉన్నంతసేపు బండి నిలబడుతుంది. గీత బయటికి పోయిందా, పడిపోతుంది.

ఆ గీతను బయటికి తోసేవి ఇవి:

వాలు: గట్టు మీద ఒక చక్రం, చేలో ఒక చక్రం పెట్టి తోలడం. గట్టు ఎక్కాలంటే అడ్డంగా కాదు, నిదానంగా నిటారుగా ఎక్కాలి. మరీ ఎత్తయితే గట్టు తవ్వి దారి చేసుకోవాలి.

కాలువ అంచు: సాగర్ కాలువ మేజర్ల కట్టలు పైకి గట్టిగా కనిపిస్తాయి. నల్లరేగడి ఎండితే పగుళ్ళిస్తుంది, తడిస్తే జారుతుంది. కాలువ ఎంత లోతుంటే అంచుకు కనీసం అంత దూరం ఉండాలన్నది మంచి లెక్క. ఆరడుగుల లోతు కాలువైతే ఆరడుగులు ఇవతల. కట్ట మీద అంత జాగా లేకపోతే అది ట్రాక్టరు దారి కాదు.

మలుపు, వేగం: మలుపులో బండిని బయటికి తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగం 20 అయితే ఆ బలం రెండింతలు కాదు, నాలుగింతలు. ఖాళీ ట్రాక్టరుతో ఇంటికి తిరిగొచ్చేటప్పుడే కుర్రవాళ్ళు మలుపుల్లో పడేది అందుకే.

ఎత్తిన బరువు: హైడ్రాలిక్ మీద గొర్రునో, మందు ట్యాంకునో పూర్తిగా పైకి ఎత్తి తిరిగితే గరిమనాభి కూడా పైకి లేస్తుంది. దారిలో పోయేటప్పుడు నేలకు తగలనంత ఎత్తు చాలు.

ఇంకొకటి బ్రేకులు. ట్రాక్టరుకు బ్రేకు పెడళ్ళు రెండు ఉంటాయి, కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి. చేలో సాలు చివర తిరగడానికి ఒకదాన్నే తొక్కుతాం. డొంకెక్కే ముందు ఆ రెండింటినీ కలిపే లాకు వేయాలి. మరిచిపోయి రోడ్డు మీద స్పీడులో ఒక్క పెడల్ తొక్కితే బండి గిరుక్కున తిరిగి పల్టీ కొడుతుంది. మా షెడ్డుకు వచ్చే బండ్లలో ఆ లాకు తుప్పుపట్టి కదలనివి చాలా ఉంటాయి. వారానికోసారి చుక్క నూనె వేయండి.

3. ముందు చక్రాలు లేస్తే

పక్కకి పడటం కన్నా ఘోరమైనది వెనక్కి తిరగబడటం. ఇంజను వెనక చక్రాన్ని ముందుకు తిప్పుతుంది. ఆ చక్రం బురదలో కూరుకుపోయి కదలకపోతే ఆ బలం ఎక్కడికి పోతుంది? చర్యకు ప్రతిచర్య ఉంటుంది. చక్రం తిరగకపోతే ట్రాక్టరు ఒళ్ళే ఇరుసు చుట్టూ తిరగాలని చూస్తుంది. ముందు చక్రాలు లేస్తాయి. లేచాక పూర్తిగా తిరగబడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు. "అయ్యో" అనుకుని క్లచ్ తొక్కేలోపే స్టీరింగ్ ఛాతీ మీద ఉంటుంది.

వాన పడ్డాక రేగడి చేలో దిగబడినప్పుడు మనవాళ్ళు చేసే పని చక్రం ముందు రాయో మొద్దో పెట్టి రేసు ఇవ్వడం. అది తిరగబడమని చెప్పి పెట్టినట్టే. దిగబడితే ముందు రివర్సులో రావడానికి ప్రయత్నించాలి. రాకపోతే చక్రం ముందు మట్టి తీయాలి. అదీ కుదరకపోతే ఇంకో ట్రాక్టరుతో లాగించాలి.

లాగించేటప్పుడు, మొద్దులు పీకేటప్పుడు గొలుసు ఎక్కడ కట్టామన్నది ప్రాణాల మీది మాట. వెనక కింద ఉండే డ్రాబార్‌కే కట్టాలి. అది ఇరుసు కన్నా కిందుంటుంది కనుక లాగుడు బలం ముందు చక్రాలను అంత తేలిగ్గా లేపలేదు. ఎత్తుగా ఉందని టాప్ లింకు దగ్గరో, సీటు కిందో కడితే ఆ బలమే బండిని వెనక్కి గుంజి పడేస్తుంది. గొలుసు బిగిసి ఉన్నప్పుడు దాని పక్కన ఎవరూ నిలబడకూడదు. తెగితే కొరడాలా వస్తుంది.

స్వీడన్ దేశంలో 1959 నుంచి కొత్త ట్రాక్టరు అమ్మాలంటే సీటు వెనక గట్టి ఇనుప చట్రం ఉండి తీరాలని చట్టం చేశారు. దాన్ని రోల్ బార్ అంటారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడ తిరగబడి చనిపోయేవాళ్ళు బాగా తగ్గిపోయారు. మన ఊళ్ళలో తిరిగే చాలా ట్రాక్టర్లకు ఆ చట్రం కనిపించదు. ఉంటే సీటుబెల్టు తప్పనిసరిగా పెట్టుకోవాలి, చట్రం కాపాడే జాగాలో బెల్టే మనల్ని ఉంచుతుంది. చట్రం లేని బండికి మాత్రం బెల్టు కట్టుకోకూడదు. కొత్తది కొంటున్న పాత విద్యార్థి సోదరులు మ్యూజిక్ సిస్టం అడిగే ముందు ఈ చట్రం గురించి అడగండి.

4. మూడు సెకన్లలో చీర

ట్రాక్టరు వెనక తిరిగే ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని పీటీఓ షాఫ్టు అంటాం. మందు కొట్టే పంపు, రోటవేటర్, పత్తి కట్టె ముక్కలు చేసే యంత్రం దాని బలంతోనే తిరుగుతాయి. మామూలుగా అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది.

ఒక లెక్క చేద్దాం. షాఫ్టు మందం ఏడు సెంటీమీటర్లు అనుకుందాం. చుట్టుకొలత దాదాపు 22 సెంటీమీటర్లు. సెకనుకు తొమ్మిది చుట్లంటే రెండు మీటర్ల గుడ్డను చుట్టేస్తుంది. అమ్మ కట్టుకునే చీర అయిదున్నర మీటర్లు. కొంగు అంచు దొరికితే మూడు సెకన్లలో చీర మొత్తం షాఫ్టుకు చుట్టుకుంటుంది, చీరతోపాటు మనిషి. లుంగీ అయినా, తువ్వాలైనా, చున్నీ అయినా, జడ అయినా అంతే. చెయ్యి లాక్కునే వేగం మనిషికి లేదు.

కాబట్టి షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేకుండా పని మొదలుపెట్టొద్దు. పగిలితే కొత్తది వేయించండి, దాని ధర ఒక వేలి ఖరీదు కూడా కాదు. తిరిగే షాఫ్టును దాటి అవతలికి వెళ్ళొద్దు, ట్రాక్టరు చుట్టూ తిరిగి వెళ్ళండి. మందు డ్రమ్ములో నీళ్ళు పోసే ఆడవాళ్ళను షాఫ్టు వైపు నిలబెట్టొద్దు. రోటవేటరుకు పత్తి కట్టె చుట్టుకుంటే ముందు పీటీఓ ఆపాలి, ఇంజను ఆపాలి, తాళం చెవి తీసి మన జేబులో వేసుకోవాలి, అప్పుడు చెయ్యి పెట్టాలి. తాళం జేబులో ఉంటే ఎవరో వచ్చి తెలియక స్టార్టు చేసే వీలుండదు. పైకెత్తిన గొర్రు కిందికి దూరి నట్టు బిగించేటప్పుడు దాని కింద గట్టి దిమ్మ పెట్టండి. హైడ్రాలిక్‌ను ఎప్పుడూ నమ్మొద్దు.

5. వెనక ట్రక్కు ముందు ట్రాక్టరును తోస్తుంది

చిన్న ట్రాక్టరు బరువు సాధారణంగా ఒక టన్ను లోపే. మిర్చి టిక్కీ ఒకటి 40 కిలోలనుకుంటే 40 టిక్కీలు 1600 కిలోలు. ట్రక్కు సొంత బరువు దీనికి అదనం. బ్రేకులన్నీ ముందున్న ట్రాక్టరుకే ఉంటాయి, మన ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు. అంటే వెనక రెండు టన్నులు, ఆపాల్సింది ముందున్న ఒక టన్ను. కాలువ వంతెన దిగేటప్పుడు బ్రేకు తొక్కితే ట్రాక్టరు ఆగుతుంది, ట్రక్కు జడత్వం వల్ల ఆగదు. అది ట్రాక్టరును తోస్తుంది, పక్కకి మడుస్తుంది, పడేస్తుంది.

అందుకని బండి పుస్తకంలో రాసిన బరువు మించి ఎత్తకండి. రెండు ట్రిప్పులు వేస్తే డీజిల్ పోతుంది, ఒక ట్రిప్పులో మనిషి పోతే తిరిగి రాడు. దిగుడు మొదలయ్యే ముందే చిన్న గేరులోకి రావాలి, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేయడం మన దగ్గర ఉన్న పెద్ద జబ్బు. న్యూట్రల్‌లో ఇంజను పట్టు పోతుంది, మళ్ళీ గేరు పడదు. హుక్కు పిన్నుకు క్లిప్పు ఉందో లేదో ప్రతిసారీ చూడాలి, క్లిప్పు బదులు మేకు పెట్టొద్దు. తెల్లవారుజామున మంచులో, సందెవేళ గుంటూరు యార్డుకు పోయేటప్పుడు ట్రక్కు వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు లేకపోతే వెనకొచ్చే లారీకి మనం కనిపించం. ట్రక్కుకు ఎర్ర స్టిక్కర్లు అతికించడం హాస్టలు పిల్లలు కూడా చేయగల పని.

6. కరెంటు తీగలు

చేల మీదుగా పోయే తీగలు ఎండాకాలంలో కిందికి వేలాడతాయి. పత్తి కట్టె ఎత్తుగా వేసిన ట్రక్కు, పైకి లేపిన మందు కొట్టే బూమ్ వాటికి తగలవచ్చు. తీగ బండి మీద పడితే తోలేవాడు సీటులోనే కూర్చోవాలి, ఎవరినీ దగ్గరికి రానివ్వకూడదు. 1912కి ఫోన్ చేసి కరెంటు తీయించాలి. బండికి మంట అంటుకుని దిగక తప్పకపోతే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్ళూ కలిపి దూకాలి, కాళ్ళు విడదీయకుండా గెంతుతూ దూరం పోవాలి.

7. అసలు పాఠం

ఇప్పటిదాకా చెప్పింది తోలేవాడి క్షేమం గురించి. కానీ మన ప్రాంతంలో పెద్ద ట్రాక్టరు ప్రమాదాల్లో చనిపోయేది తోలేవాళ్ళకన్నా ట్రక్కులో కూర్చున్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు.

2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పెద్ద అడిశర్లపల్లి మండలంలో మిరప కోతకు వెళ్తున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో పొలం పనికి వెళ్తున్నవాళ్ళ ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తాపడి పదిహేను మంది పోయారు. 2020 మే 14న మన ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కోసి ఇంటికి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది. కనీసం తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. 2023 జూన్ 5న గుంటూరు జిల్లా వట్టిచెరుకూరు మండలంలో శుభకార్యానికి వెళ్తున్నవాళ్ళ ట్రక్కు తిరగబడి కనీసం ఆరుగురు, 2025 ఫిబ్రవరి 9న పల్నాడు జిల్లా ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర మిరప కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు ఆడవాళ్ళు చనిపోయారు.

ఈ ఊళ్ళ పేర్లు పేపర్లో ఒకరోజు వస్తాయి, మర్నాడు పోతాయి. ఆ ఇళ్ళలో పిల్లలు మాత్రం మనలాంటి హాస్టళ్ళలోనే చదువుకుంటూ ఉంటారు.

ట్రక్కు సరుకు కోసం చేసింది. దానికి సీట్లు లేవు, పట్టుకోవడానికి ఏమీ లేదు. కూర్చున్నవాళ్ళు ఒకవైపు ఒరిగితే బరువంతా ఒకవైపు పోతుంది. చట్టం కూడా ట్రక్కులో మనుషుల్ని ఎక్కించడాన్ని ఒప్పుకోదు. మామూలు బీమా పాలసీ వాళ్ళకు వర్తించదు. 2007లో ఇలాంటి ఒక కేసులో, ట్రక్కులో ప్రయాణించిన కూలీ విషయంలో బీమా కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కూలీ పేదరికం చూసి కంపెనీ ముందు చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని ప్రత్యేకంగా ఆదేశించింది. ప్రతి ఇంటికీ అలాంటి తీర్పు వస్తుందని ఎవరు చెప్పగలరు?

"ఎక్కొద్దు అనడం తేలికే. చేను నాలుగు కిలోమీటర్లు. రైతు ట్రాక్టరు పంపిస్తాడు. ఎక్కకపోతే ఆ రోజు కూలి పోతుంది, రేపటి నుంచి పిలవరు." ఈ వ్యాసం చదివి వినిపిస్తే మాలో ఒకరి అమ్మ అన్నమాట ఇది. ఆమె చెప్పింది నిజం. కర్నూలు వైపు నుంచి కోతలకు వలస వచ్చేవాళ్ళకైతే ఇంకా ఇబ్బంది. ఊరు కాని ఊళ్ళో వాళ్ళు ఎవరితో ఏం మాట్లాడగలరు?

అందుకే భారం ఎక్కేవాళ్ళ మీద కాదు, ఎక్కించేవాళ్ళ మీద పెట్టాలంటున్నాం. ముఠా మేస్త్రి కోత రేటు మాట్లాడేటప్పుడే రవాణా కూడా మాట్లాడాలి. సీజను మొదట్లో ఒకసారి తేల్చుకుంటే రోజూ గొడవ ఉండదు. పరిమితికి లోబడి ఆటోలో రెండు ట్రిప్పులు వేయించమనడం గొంతెమ్మ కోరిక కాదు. ఇక ట్రాక్టరు తోలేది ఎవరు? చాలాచోట్ల మన అన్నలే, మన పాత విద్యార్థులే. "మనుషుల్ని ఎక్కించుకోను" అని డ్రైవరు ఒక్కడు గట్టిగా అంటే రైతు ఇంకో దారి వెతుక్కుంటాడు. మాలో ట్రాక్టరు తోలే అతను రెండేళ్ళుగా ఆ మాట మీదే ఉన్నాడు. మొదట్లో రెండు కిరాయిలు పోయాయి. తర్వాత ఆ రైతులే మళ్ళీ పిలిచారు. ఎందుకంటే సాలు వంకర పోకుండా గుంటక తోలేవాడు కావాలి కదా!

8. మన వయసు

మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండి, లైసెన్సు ఉన్నవాళ్ళే ట్రాక్టరు తోలాలి. 2019లో ఆ చట్టానికి చేసిన సవరణ ఇంకా గట్టిది. మైనరు బండి తోలి నేరం జరిగితే అతని సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉంటాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు. డ్రైవరు ఉద్యోగం చేద్దామనుకునే తమ్ముళ్ళు ఈ చివరి మాట రెండుసార్లు చదవండి.

వయసు వచ్చాక నేర్చుకోవాలంటే దారులున్నాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. లాం, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగితే శిక్షణల వివరాలు తెలుస్తాయి. చదువులో ఆసక్తి ఉన్నవాళ్ళకు బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. మన తిరగబడని ట్రాక్టరును మన హాస్టలు పిల్లవాడే తయారు చేస్తే ఎంత బాగుంటుంది!

9. ఎక్కే ముందు, దిగేటప్పుడు

ఎక్కే ముందు: ఒకసారి చుట్టూ తిరిగి చూడాలి, కింద చంటిపిల్లలు, కుక్కలు, కోళ్ళు ఉంటాయి. టైర్లు, నట్లు, హుక్కు పిన్ను, బ్రేకు లాకు, షాఫ్టు తొడుగు చూడాలి. లుంగీ, వేలాడే తువ్వాలు వద్దు. సీటులో కూర్చుని న్యూట్రల్ చూసుకుని స్టార్టు చేయాలి. కింద నిలబడి స్క్రూడ్రైవరుతో స్టార్టరు కలిపితే, గేరులో ఉన్న బండి కలిపినవాడి మీదికే వస్తుంది.

దిగేటప్పుడు: పనిముట్టు నేలకు దించాలి, న్యూట్రల్ చేయాలి, హ్యాండ్ బ్రేకు వేయాలి, ఇంజను ఆపాలి, తాళం తీయాలి. అప్పుడే కాలు నేల మీద పెట్టాలి. నడుస్తున్న బండి మీద నుంచి దూకడం హీరోతనం కాదు.

ప్రమాదం జరిగితే: ముందు ఇంజను ఆపండి, 108కి ఫోన్ చేయండి. కింద చిక్కుకున్నవాళ్ళను గుంజొద్దు, బండిని తొందరపడి తాళ్ళతో లేపొద్దు, అది మళ్ళీ వాళ్ళ మీదే పడొచ్చు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. సాయం చేసినవాళ్ళను కేసుల్లో ఇరికించకుండా 2019 సవరణ కాపాడుతుంది, భయపడొద్దు.

10. మీకు మీరే పరీక్ష

1) ట్రాక్టరు నాలుగు చక్రాల మీద ఉన్నా మూడు కాళ్ళ పీట అని ఎందుకన్నాం?
2) గంటకు 8 కిలోమీటర్ల నుంచి 24 కిలోమీటర్లకు వేగం పెంచితే మలుపులో తోసే బలం ఎన్నింతలవుతుంది?
3) గొలుసు డ్రాబార్‌కే ఎందుకు కట్టాలి? బొమ్మ గీసి చెప్పండి.
4) మీ ఊళ్ళో కూలీలు చేనికి ఎలా వెళ్తున్నారు? ఈ సెలవుల్లో అమ్మను అడిగి రాసుకు రండి.

మొదటి మూడు ప్రశ్నలకు జవాబు పైనే ఉంది. నాలుగోదానికి జవాబు మీరు తేవాలి. మంచి జవాబులు వచ్చే ఏడాది సంచికలో వేయమని వార్డెన్ గారిని అడుగుతాం.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఎవరైనా మడ్‌గార్డు మీద చెయ్యి తట్టి "ఎక్కరా" అంటే ఏం చెప్పాలో ఇప్పుడు మీకు తెలుసు. "నేను నడిచొస్తాలే బాబాయ్, సీటు ఒక్కటే ఉంది" అనండి. నవ్వుతారు. నవ్వనివ్వండి. మీరు నడిచి చేను చేరతారు, నడిచి ఇంటికొస్తారు, సెలవులయ్యాక ట్రంకు పెట్టె పట్టుకుని నడిచి హాస్టలు గేటు లోపలికి వస్తారు. మాకు కావలసింది అదే.